వై-ఫైతో దూరం కొలవడం: కెర్నెల్‌లో ఒక్క ఫంక్షన్ ఎందుకు సరిపోదు?

మిర్యాలగూడ దగ్గర ఏ రైస్ మిల్లు గోదాములోకి వెళ్లినా ఫోన్‌లో జీపీఎస్ చేతులెత్తేస్తుంది. పైన రేకులు, చుట్టూ కప్పు దాకా పేర్చిన బస్తాలు. ఉపగ్రహాల సిగ్నల్ లోపలికి సరిగా రాదు. గోడకు బిగించిన వై-ఫై రూటర్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఆ రూటర్‌కీ చేతిలోని ఫోన్‌కీ తగిన చిప్‌లుంటే, తమ మధ్య ఎన్ని మీటర్లుందో ఆ రెండే లెక్కగట్టుకోగలవు. వై-ఫైకి నియమాలు రాసే 802.11 ప్రమాణం 2016 ముద్రణలోనే ఈ పద్ధతి ఉంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 దాన్ని యాప్‌ల చేతికి ఇచ్చింది. ఇప్పుడు మళ్లీ చర్చ ఎందుకంటే, 802.11ఏజెడ్ అనే తర్వాతి తరం పద్ధతి ఫోన్లలోకి దిగుతోంది. ఆండ్రాయిడ్ 15 అందులో ఒక భాగానికి తలుపు తీసింది. ఇంకోవైపు 2024లో బ్లూటూత్ 6.0 తన సొంత కొలత పద్ధతి తెచ్చింది.

నల్లగొండలో ఇంజనీరింగ్ పిల్లల మధ్య ఈ మాటెత్తితే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "దీనికింత కథెందుకు సార్? లైనక్స్ కెర్నెల్‌లో దూరం ఇచ్చే ఫంక్షన్ ఒకటి పెడితే అయిపోదా?" కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో యాప్‌లకూ చిప్‌లకూ మధ్య ఉండే మూల భాగం, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉండేది లైనక్స్ కెర్నెలే. పిలవగానే మీటర్లు వచ్చి చేతిలో పడాలని వాళ్ల ఉద్దేశం. ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం రేడియో దగ్గర మొదలై, కెర్నెల్ ఇచ్చిన మాట తప్పకూడదన్న నియమం దాకా పోతుంది.

సిగ్నల్ బార్లతో పని జరగదు

సిగ్నల్ బలాన్ని బట్టి దూరం అంచనా వేయడం పాత అలవాటు. గోడ అడ్డొచ్చినా, మనిషి వెనక్కి తిరిగినా, ఫోన్‌ని జేబులో వేసినా బలం తగ్గుతుంది, దూరం మాత్రం ఉన్నంతే ఉంటుంది. అందుకే కొత్త పద్ధతి బలాన్ని వదిలేసి సమయాన్ని పట్టుకుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో దాదాపు 30 సెంటీమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయం తెలిస్తే దూరం తెలిసినట్టే.

నాలుగు సమయాలు, ఒక తీసివేత

ఈ పద్ధతి పేరు ఫైన్ టైమింగ్ మెజర్‌మెంట్, పొట్టిగా ఎఫ్‌టీఎం. ఫోన్ అడుగుతుంది, రూటర్ ఒప్పుకుంటుంది, ఆ తర్వాత కొలత ఫ్రేమ్ (గాలిలో పోయే ఒక వై-ఫై సందేశం) పంపేది రూటరే. అది పంపిన క్షణం టీ1. ఫోన్‌కి అందిన క్షణం టీ2. "అందింది" అని ఫోన్ తిరిగి పంపిన క్షణం టీ3. ఆ జవాబు రూటర్‌కి చేరిన క్షణం టీ4. టీ1, టీ4 విలువలను రూటర్ తన తర్వాతి ఫ్రేమ్‌లో పెట్టి పంపుతుంది. లెక్క ఫోన్ చేసుకుంటుంది.

అంకెలతో చూద్దాం. అన్నీ నానోసెకన్లే. రూటర్ గడియారంలో టీ1 = 1,000, టీ4 = 61,080. ఫోన్ గడియారంలో టీ2 = 7,00,000, టీ3 = 7,60,000. రెండు గడియారాలకూ పొంతనే లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. రూటర్ వైపు గడిచింది 60,080. అందులో ఫోన్ దగ్గర గడిచింది 60,000. తీసేస్తే మిగిలిన 80 నానోసెకన్లే గాలిలో గడిచిన సమయం, రానూపోనూ కలిపి. దీన్నే ఆర్‌టీటీ అంటారు. సగం చేస్తే 40. నానోసెకనుకు 30 సెంటీమీటర్ల చొప్పున 12 మీటర్లు.

తేడా పడితే ఎంత పడుతుందో ఇక్కడే తెలుస్తుంది. ఆర్‌టీటీలో ఒక్క నానోసెకను తప్పితే దూరంలో 15 సెంటీమీటర్లు తప్పుతుంది. ప్రమాణంలో ఈ సమయాలను పికోసెకన్లలో, అంటే నానోసెకనులో వెయ్యో వంతులో రాసుకునేది అందుకే.

పన్నెండు మీటర్లు పద్దెనిమిది ఎలా అవుతాయి

మళ్లీ గోదాములోకి వద్దాం. రూటర్‌కీ ఫోన్‌కీ మధ్య తడి ఆరని ధాన్యం బస్తాలున్నాయనుకుందాం. తడి గింజ రేడియో తరంగాన్ని బాగా పీల్చుకుంటుంది. నేరుగా వచ్చే తరంగం నీరసపడిపోతుంది. రేకుల కప్పుకు తగిలి వచ్చింది బలంగా ఉంటుంది, దాని దారి 18 మీటర్లు. చిప్ దాన్నే మొదటి రాక అనుకుంటే జవాబు 18 అని వస్తుంది. తీసివేతలో తప్పేమీ లేదు, వచ్చిన దారే వేరు.

దీన్ని తగ్గించడానికి ఛానల్ వెడల్పు పనికొస్తుంది. 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో చిప్ సిగ్నల్‌ని చూసే ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ మధ్య 50 నానోసెకన్లు. 80 మెగాహెర్ట్జ్‌లో 12.5, 160లో 6.25. శాంపిళ్ల మధ్యలోకి తొంగిచూసే గణితం చిప్‌ల దగ్గర ఉంటుంది గనుక ఫలితం ఇంతకంటే మెరుగ్గానే వస్తుంది. అయినా దగ్గరదగ్గరగా వచ్చిన రెండు తరంగాలను విడదీయాలంటే వెడల్పు ఉండాల్సిందే. రెండో ఉపాయం, ఒకసారి కాకుండా పదిసార్లు కొలవడం. ఇలా వరసగా తీసుకునే కొలతల గుంపును బరస్ట్ అంటారు.

అంటే దూరం అడిగేటప్పుడే ఎన్నో సంగతులు చెప్పాలి: ఏ ఛానల్, ఎంత వెడల్పు, ఏ తరం ఫ్రేమ్, బరస్ట్‌లు ఎన్ని, ఒక్కో బరస్ట్‌లో కొలతలు ఎన్ని, ఇప్పుడే కావాలా కాసేపాగినా ఫర్వాలేదా. అవతలి రూటర్ వీటిలో కొన్నింటికి ఒప్పుకుని కొన్నింటిని మార్చవచ్చు. "ఇప్పుడు బిజీ, ఇన్ని సెకన్లాగి రా" అనవచ్చు. అసలు జవాబే ఇవ్వకపోవచ్చు. పిల్లలు అడిగిన ఆ ఒక్క ఫంక్షన్ ఇక్కడే చతికిలబడుతుంది. ఇది ఒక విలువ అడిగి తెచ్చుకోవడం లాంటిది కాదు, రెండు పరికరాల మధ్య బేరం. బేరం కాసేపు నడుస్తుంది, తెగకుండానూ పోవచ్చు.

కెర్నెల్ మాట ఇస్తే

ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో యాప్‌లు రేడియో చిప్‌ని నేరుగా ముట్టుకోవు. మధ్యలో కెర్నెల్ ఉంటుంది. యాప్‌ల వైపు లోకాన్ని యూజర్‌స్పేస్ అంటారు. రెండింటి మధ్య ఏ మాట ఎలా చెప్పాలో రాసుకున్న ఒప్పందమే ఇంటర్‌ఫేస్. ఆ ఒప్పందం విషయంలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి పట్టుబట్టిన నియమం ఒకటుంది: నిన్నటి దాకా నడిచిన ప్రోగ్రాము కెర్నెల్ మార్చిన పాపానికి ఆగిపోకూడదు.

కెర్నెల్ లోపలి కోడ్ ఎంతైనా తిరగరాయవచ్చు. బయటికి ఇచ్చిన మాటను మాత్రం వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. అవతల రేడియో ప్రమాణం నాలుగేళ్లకోసారి మారుతూనే ఉంటుంది. కదలకూడని ఒప్పందాన్ని కదిలే ప్రమాణానికి కట్టడం ఎలా? డిజైన్ తలనొప్పంతా ఇదే.

అచ్చు గళ్లు, పేరున్న చీటీలు

పాత పహాణీ చూసినవాళ్లకు దీనిలో మొదటి ఇబ్బంది ఇట్టే అర్థమవుతుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు... గళ్లన్నీ ముందే అచ్చయి ఉంటాయి. ఏ గడిలో ఏముందో దాని స్థానమే చెబుతుంది. కొత్త సంగతి రాయాలంటే గడి ఉండదు. మధ్యలో ఒకటి ఇరికిస్తే, పాత వరసకు అలవాటుపడ్డవాడు విస్తీర్ణం చదవాల్సిన చోట ఇంకేదో చదువుతాడు.

లైనక్స్‌లో వై-ఫైకి 1990ల నాటి వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ దాదాపు ఇలాంటివే. ఐడబ్ల్యూకాన్ఫిగ్ కమాండ్ వాడినవాళ్లు వాటిని వాడినట్టే. ఐఓసీటీఎల్ అనే పిలుపుతో, ముందే కొలత కట్టిన స్ట్రక్చర్‌ను (విలువల పట్టికను) కెర్నెల్‌కి అందించేవాళ్లు. వై-ఫై పెరిగే కొద్దీ అది ఇరుకైపోయింది. 2007లో ఎన్ఎల్80211 వచ్చింది. ఇది నెట్‌లింక్ అనే సందేశాల పద్ధతి మీద నడుస్తుంది. ఇందులో గళ్లుండవు, ఒక్కో విలువా తన పొడవునూ తన నంబరునూ వెంట తెచ్చుకునే చీటీగా వస్తుంది. ఆ చీటీ పేరు ఆట్రిబ్యూట్.

ఒక చీటీని విప్పి చూద్దాం. "ఒక్కో బరస్ట్‌లో 8 కొలతలు తీయి" అని చెప్పాలి. యాప్ నుంచి కెర్నెల్‌కి పోయే బైట్లు ఇవి (మామూలు ఫోన్, ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల వరసలో):

05 00 06 00 08 00 00 00

మొదటి రెండు బైట్లు పొడవు, అంటే 5 (పొడవుకు రెండు, నంబరుకు రెండు, విలువకు ఒకటి). తర్వాతి రెండు ఆట్రిబ్యూట్ నంబరు, ఎఫ్‌టీఎం అభ్యర్థనలో 6 అంటే "బరస్ట్‌కు కొలతలు". ఆ తర్వాతిది అసలు విలువ, 8. చివరి మూడు సున్నాలు నాలుగు బైట్ల హద్దుకు సరిచేసే నింపుడు. అవునో కాదో చెప్పే సంగతికైతే విలువ కూడా అక్కర్లేదు. "వెంటనే కొలువు" అన్న ఆట్రిబ్యూట్ ఉత్త 04 00 01 00. ఉంటే అవును, లేకపోతే కాదు.

దూరం కొలిచే ఇంటర్‌ఫేస్ 2019 మార్చిలో వచ్చిన లైనక్స్ 5.0తో చేరింది. మొదట్లో ఎఫ్‌టీఎం అభ్యర్థనకు 1 నుంచి 9 దాకా నంబర్లున్నాయి. 2020లో 802.11ఏజెడ్ పద్ధతుల కోసం ఇలాంటి అవును-కాదు జెండాలు రెండు కొత్తగా కావాల్సి వచ్చాయి. వాటికి 10, 11 ఇచ్చారు. పాతవి కదలలేదు. ఈ రెండిట్లో ఏదీ పంపకపోతే పాత పద్ధతిలోనే కొలవాలన్నది నియమం. 2019లో రాసిన ప్రోగ్రాముకు 10, 11 సంగతే తెలియదు, అది పంపదు, దానికి నిన్నటి జవాబే వస్తుంది.

ఇది తప్ప మార్గం లేదనుకోవద్దు. స్ట్రక్చర్ పద్ధతినే బాగుచేసి వాడేవాళ్లున్నారు. 2020లో వచ్చిన ఓపెన్ఏటీ2 సిస్టమ్ కాల్ (ఫైలు తెరవమని ప్రోగ్రాము కెర్నెల్‌ని అడిగే పిలుపు) స్ట్రక్చర్‌తో పాటు దాని సైజు కూడా తీసుకుంటుంది. కొత్త సంగతులు చివర చేరతాయి. పాత కెర్నెల్‌కి పెద్ద స్ట్రక్చర్ వస్తే, అదనపు బైట్లన్నీ సున్నాలైతే పని చేసిపెడుతుంది. సున్నా కానిది కనిపిస్తే నాకు అర్థం కాలేదని ఎర్రర్ ఇస్తుంది. ఇది చిన్నది, వేగమైనది, సి భాషలో రాసేవాడికి హాయి. కానీ దూరం కొలతలో ఒకే అభ్యర్థనలో పది రూటర్లు, ఒక్కోదానికి వేరే సెట్టింగులు, కొన్నిటికి ఉండీ కొన్నిటికి లేనివీ. అలాంటి చోట ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ పోయే చీటీలే నయం అనిపిస్తుంది. చీటీల పద్ధతిలో కోడ్ రాయడం విసుగన్నది మాత్రం నిజం.

దూరం ఇవ్వాలా, సమయం ఇవ్వాలా

ఫలితం ఏ రూపంలో ఇవ్వాలన్నది అసలైన వాదన.

ఒక పక్షం ఆర్‌టీటీని పికోసెకన్లలో ఉన్నదున్నట్టు ఇవ్వమంటుంది. దూరంగా మార్చడం యూజర్‌స్పేస్ పని. రేపు మెరుగైన లెక్క దొరికితే యాప్ మార్చుకుంటే చాలు, కెర్నెల్ జోలికి పోనక్కర్లేదు. రెండో పక్షం మాటా కొట్టిపారేయలేం. యాంటెన్నా నుంచి చిప్ దాకా పట్టే ఆలస్యం ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం. దాన్ని సరిదిద్దే అంకెలు చిప్ ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్ లోపలే నడిచే ప్రోగ్రాములో ఉంటాయి. కొన్ని ఫర్మ్‌వేర్లు దూరం తప్ప ఇంకేమీ చెప్పవు. ఆర్‌టీటీ తప్పనిసరి అంటే ఆ చిప్‌లను నడిపే కెర్నెల్ కోడ్, అంటే డ్రైవర్లు, దూరాన్ని తిరగేసి ఉత్తుత్తి సమయం తయారుచేసి ఇస్తాయి.

లైనక్స్ రెంటినీ ఐచ్ఛికం చేసి, రెండిట్లో కనీసం ఒకటి ఉండాలంది. ఆర్‌టీటీ పికోసెకన్లలో, దూరం మిల్లీమీటర్లలో. వీటితో పాటు విలువలు ఎంత చెదిరాయో చెప్పే వేరియన్స్, స్ప్రెడ్ కూడా పంపే వీలుంది. మన 12 మీటర్లయితే 80,000 అని గానీ 12,000 అని గానీ రావచ్చు. యాప్ రాసేవాడు రెంటికీ సిద్ధంగా ఉండాలి. వాడికిది చికాకే, అయినా డ్రైవర్ చేత అబద్ధం ఆడించడం కంటే మేలని నా అభిప్రాయం.

ఇందులో ఇంకో చిన్న నిర్ణయం నాకు బాగా నచ్చింది. ఈ రెండు అంకెలూ రుణ సంఖ్యలు కావచ్చు. దూరం మైనస్‌లో ఏమిటని ఎవరైనా నవ్వుతారు. ఫోన్‌ని రూటర్‌కి ఆనించి పెట్టండి. అసలు ఆర్‌టీటీ సున్నాకి దగ్గర. చిప్ ఆలస్యాన్ని లెక్కలో 2 నానోసెకన్లు ఎక్కువగా తీసేస్తే దూరం మైనస్ 300 మిల్లీమీటర్లు వస్తుంది. ధన సంఖ్యలు మాత్రమే పట్టే 64 బిట్ల గడిలో దీన్ని పెడితే, చేతిలో ఉన్న రూటర్ దాదాపు రెండు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నట్టు చదవబడుతుంది. కెర్నెల్ సున్నా చేసి పంపినా నష్టమే. పదిసార్లు కొలిచి సగటు తీసేటప్పుడు మైనస్ తప్పులు ప్లస్ తప్పులను కొట్టేయాలి. ఒక వైపు కోసేస్తే సగటు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

అన్నీ ఇంత చక్కగా కుదరలేదు. బరస్ట్‌ల మధ్య విరామాన్ని 100 మిల్లీసెకన్ల లెక్కన చెప్పాలి. బరస్ట్‌ల సంఖ్యను 2 మీద ఘాతంగా చెప్పాలి, 3 అంటే ఎనిమిది. 15 అంటే మాత్రం "నీ ఇష్టం". ఇవన్నీ 2016 ప్రమాణంలో బిట్లు పొదుపు చేయడానికి పెట్టుకున్న సంకేతాలు, ఉన్నవున్నట్టు ఇంటర్‌ఫేస్‌లోకి వచ్చేశాయి. డ్రైవర్ రాసేవాడికి మార్పిడి పని తప్పింది, అది లాభం. కొత్త తరం పద్ధతి విరామాలను వేరే కొలమానంలో చెబుతుంది, పాత పేరు కింద అది ఇమడదు, ఇది నష్టం.

తెలియని మాట వినబడితే

పాత కెర్నెల్‌కి కొత్త చీటీ వస్తే ఏం చేయాలి? నెట్‌లింక్‌లో చాలాకాలం, అర్థం కాని నంబరును పట్టించుకోకుండా దాటేయడమే రివాజు. కొత్త ప్రోగ్రాము పాత కెర్నెల్ మీద కూడా ఎలాగోలా నడుస్తుందని దాని ఉద్దేశం.

మంచిదే అనిపిస్తుంది. కానీ ఇది ఎక్కడ దెబ్బతీస్తుందో చూడండి. 802.11ఏజెడ్‌లో కొలత సంకేతాలకు రక్షణ ఉంది. మధ్యలో ఎవడైనా దొంగ తరంగం పంపి దూరం తక్కువని నమ్మించకుండా అది కాపాడుతుంది. గోదాము తాళం ఫోన్ రెండు మీటర్ల లోపు ఉంటేనే తెరుచుకునేలా పెట్టారనుకుందాం. యాప్ రక్షణ కావాలని అడిగింది. పాత కెర్నెల్‌కి ఆ మాట అర్థం కాలేదు, దాటేసి మామూలు కొలత తీసి ఇచ్చింది. యాప్ అది రక్షణ ఉన్న కొలతే అనుకుని తాళం తీసింది. ఎక్కడా ఎర్రర్ లేదు.

2019లో నెట్‌లింక్‌కి కఠిన తనిఖీ వచ్చింది, తెలియని ఆట్రిబ్యూట్‌ను తిరస్కరించడం అందులో భాగం. కొత్తగా వచ్చే ఆదేశాలకు అది వర్తిస్తుంది. అప్పటికే వాడుకలో ఉన్నవాటిని పాత సడలింపుతోనే వదిలేయాల్సి వచ్చింది. లేకపోతే ఏళ్లుగా ఏదో చెత్త చీటీ పంపుతూ నడిచిపోతున్న ప్రోగ్రాము ఒక్కసారిగా ఆగిపోతుంది. మళ్లీ అదే నియమం.

అందుకే రెండో జాగ్రత్త, అడగకముందే తెలుసుకోవడం. పరికరానికి ఏమేం వచ్చో కెర్నెల్ జాబితాగా చెబుతుంది: ఒకేసారి ఎందరితో కొలవగలదు, ఏ ఛానల్ వెడల్పులు పనిచేస్తాయి, ఏ తరం ఫ్రేములు, రక్షణ ఉందా. జాబితాలో లేనిదాన్ని యాప్ అడగకూడదు. ఆ జాబితా కూడా చీటీలే, అదీ చివర పెరుగుతూ పోతుంది.

ఫలితంలో వైఫల్యానికీ కారణం చెప్పాలి. రూటర్ జవాబివ్వలేదా, నిరాకరించిందా, ఆ ఛానల్‌లో లేదా, బిజీగా ఉందా? బిజీ అయితే ఎన్ని సెకన్లాగి రావాలో కూడా వస్తుంది. వీటన్నిటికీ కలిపి మైనస్ ఒకటి ఇచ్చి ఊరుకుంటే, నిరాకరించిన రూటర్‌ని యాప్ రాత్రంతా అడుగుతూ బ్యాటరీ ఊడ్చేస్తుంది.

ఆపడం సంగతి చూడండి. కొలత మధ్యలో యాప్ చచ్చిపోతే? లైనక్స్‌లో రద్దుకు వేరే ఆదేశం పెట్టలేదు. కొలత అడిగిన సాకెట్‌ను, అంటే కెర్నెల్‌తో మాట్లాడే దారిని, మూసేస్తే అదే రద్దు. ప్రోగ్రాము కూలిపోతే దాని సాకెట్లు వాటంతటవే మూతపడతాయి గనుక రేడియో ఊరికే తిరగదు.

ఎఫ్‌టీఎంకే కట్టాలా, పెద్దది కట్టాలా

లైనక్స్‌వాళ్లు ఆదేశానికి ఎఫ్‌టీఎం పేరు పెట్టలేదు, పీర్ మెజర్‌మెంట్ అన్నారు. ఎఫ్‌టీఎం దానిలో ఒక రకం మాత్రమే, రేపు వేరే కొలతలొస్తే పక్కన చేరతాయి. విమర్శకులు దీన్ని అతి ముందుచూపు అంటారు. చాలా ఏళ్లు అందులో ఎఫ్‌టీఎం ఒక్కటే ఉందన్న మాట వాస్తవమే, ఆ ఒక్కదాని కోసం ప్రతి సందేశంలో ఒక పొర అదనంగా మోయాల్సి వచ్చింది. సమర్థకులు చెప్పేదేమిటంటే, ఆ పొర ఖరీదు కొన్ని బైట్లే, తర్వాత చేర్చాలంటే మాత్రం కొత్త ఆదేశం, కొత్త ఫలితం, కొత్త రద్దు అన్నీ మళ్లీ రాయాలి.

చిప్ కంపెనీలకు ఇంకో దారి ఉంది, తమకు మాత్రమే తెలిసిన వెండర్ ఆదేశాలు. ప్రమాణం ఖరారు కాకముందే ఫోన్ అమ్మాలంటే అదే త్వరగా అయ్యే పని. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆర్‌టీటీ మొదట్లో చాలావరకు ఇలాగే నడిచింది. కంపెనీ మారితే యాప్ కింద ఉన్న పొరంతా తిరగరాయాలి, అది దీని ధర.

ఎవరు అడగవచ్చన్నది కూడా ఇంటర్‌ఫేస్‌లో భాగమే. లైనక్స్‌లో కొలత మొదలుపెట్టాలంటే నెట్‌వర్క్ అడ్మిన్ అధికారం ఉండాలి. ఆండ్రాయిడ్‌లో ఈ దూరాలతో స్థానం లెక్కగట్టే యాప్‌కి ఖచ్చితమైన లొకేషన్ అనుమతి ఉండాలి, ఎందుకంటే మూడు నాలుగు రూటర్ల దూరాలు తెలిస్తే మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది. కొలత అడిగే ఫోన్ తన మాక్ అడ్రస్‌ను (పరికరాన్ని గుర్తుపట్టే నంబరును) మార్చి వేసుకునే వీలు కూడా అభ్యర్థనలోనే పెట్టారు.

తేలని వాదన ఒకటుంది. దూరం ఇప్పుడు వై-ఫై ఒక్కటే కొలవడం లేదు. ఖరీదైన ఫోన్లలో యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో) ఉంది, బ్లూటూత్‌లో మొదట చెప్పుకున్న సొంత పద్ధతి, ఛానల్ సౌండింగ్ ఉంది. ఆండ్రాయిడ్ 16 వీటన్నిటినీ యాప్‌లకు ఒకే రేంజింగ్ ఏపీఐ (దూరం అడిగే ఇంటర్‌ఫేస్) కింద చూపిస్తోంది. కెర్నెల్‌లోనూ అలాగే కలపాలా? కలిపితే యాప్‌కి సుఖం. కానీ బ్లూటూత్ పద్ధతి వచ్చిన తరంగం ఫేజ్‌ను (అల ఏ దశలో ఉందన్నదాన్ని) ఎన్నో ఫ్రీక్వెన్సీల మీద చూసి దూరం లెక్కిస్తుంది. దానికి బరస్ట్ లేదు, మనం చూసిన నాలుగు సమయాల తీసివేత కూడా తప్పనిసరి కాదు. మూడింటికీ ఉమ్మడిగా మిగిలేది మిల్లీమీటర్ల అంకె, అది ఎంత నమ్మదగినదో చెప్పే ఇంకో అంకె. ఆ రెండిటి కోసం కెర్నెల్ శాశ్వతంగా మాట ఇవ్వాలా, లేక కలిపే పని ఆండ్రాయిడ్ చేసినట్టు పై పొరకే వదిలేయాలా? ప్రస్తుతానికి కెర్నెల్‌లో వై-ఫై దారి వై-ఫైదే, బ్లూటూత్ దారి బ్లూటూత్‌దే.